దాటితేనే దీవించే బొల్లికొండ గడపమ్మ

బొల్లికొండ మెట్లెక్కి వచ్చిన భక్తులు ముందుగా గుడి ఎక్కడని వెతుకుతారు. గోపురం కనబడదు, ధ్వజస్తంభం కనబడదు. కొండ చుట్టూ పాత కోటగోడ, దానికి తలుపుల్లేని సింహద్వారం, ఆ ద్వారం కింద పసుపు కుంకుమలతో మెరిసే పొడవాటి రాతిగడప మాత్రమే ఉంటాయి. ఆ గడపే అమ్మవారు. మరెక్కడైనా దేవతను దాటితే చెంపలు వేసుకుంటాం, ఇక్కడ దాటడమే పూజ! తొలిసారి వచ్చినవారు కాలు ఎత్తి, మళ్లీ దించి, పూజారి ముఖం వంక చూస్తుంటే మాకు నవ్వొస్తుంది. భయపడనక్కరలేదు, ఇది అమ్మ స్వయంగా ఇచ్చిన ఆజ్ఞ.

పూర్వం ఇక్కడ తిప్పానాయుడనే దొర ఏలుబడి సాగేది. యుద్ధానికి పిలిచినప్పుడు సైన్యంతో రావాలన్న ఒప్పందం మీద రాజుగారు ఆయనకు ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఇచ్చారు. నాయుడు కొండమీద కోట తలపెట్టాడు. రైతులు, కుమ్మరులు, గొల్లలు తమ పనులు మానుకుని, కూలి లేకుండా రాళ్లు మోశారు. శత్రువు వచ్చిననాడు ఈ గోడల లోపల అందరికీ చోటుంటుందని నాయుడు పునాదిరాయి మీద చేయివేసి మాట ఇచ్చాడు. ఆ మాట నమ్మే జనం ఏటా పంటలో భాగం కోటకు చేర్చారు.

ఆ రోజు రానే వచ్చింది. ఒక ఉదయం పడమటి దిక్కున దుమ్ము లేచింది. శత్రువుల గుర్రాలు! జనం పిల్లలను చంకనెత్తుకుని, మూటలు నెత్తిన పెట్టుకుని, గొడ్లను తోలుకుంటూ కొండెక్కసాగారు. ఇంతమంది లోపలికి వస్తే కొట్లలోని గింజలు చాలవని సేనాపతి నాయుడి చెవిలో వేశాడు. నాయుడు తలుపులు మూయమన్నాడు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

బంట్లు తలుపులు నెడుతుండగా, నాయుడికి పాలిచ్చి పెంచిన దాది ఓబుళమ్మ పరుగున వచ్చి, రెండు రెక్కల నడుమ గడప మీద అడ్డంగా పడుకుంది. ఆమె మీదుగా తలుపు నెట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు.

"లేమ్మా, పగవాడు వస్తాండాడు" అన్నాడు నాయుడు.

"వస్తే రానీ నాయనా. వానికంటే ముందు నువ్విచ్చిన మాట వచ్చింది. గోడ కట్టేటప్పుడు వీళ్లు కావల్సొచ్చిరే, ఇప్పుడు బరువైరా?"

జనం గడప దాకా వచ్చి ఆగిపోయారు. పడుకున్న మనిషిని, అందులోనూ పెద్దావిడను, దాటడం ఎలా? వెనుక గుర్రాల డెక్కల చప్పుడు దగ్గరవుతోంది.

"దాటండమ్మా, నన్ను దాటినోళ్లకు పాపం లేదు. నా దీవెన ఉంది" అని ఓబుళమ్మ కేకవేసింది. అంతే, జనం వరదలా లోపలికి వచ్చారు.

అది చూసి నాయుడు సిగ్గుతో తలవంచుకున్నాడు. కత్తి దూసి తానే గడప దాటి బయట నిలబడ్డాడు. బాణాలు మీద పడుతున్నా కదలక, కొండవాలు కిందికి చూసి "ఇంకెవరన్నా ఉండారా?" అని అరిచాడు. జవాబు రాకపోయాకే, అందరికన్నా చివర లోపలికి వచ్చి దాదిని లేపబోయాడు. ఆమె లేవలేదు. ఒక బాణం గుండెలో దిగి ఉంది. అందరి కళ్లముందే ఆ దేహం గడపరాతిలో కలిసిపోయిందని, అప్పుడే తలుపులు మూతపడ్డాయని పెద్దలు చెబుతారు.

గింజల భయం వట్టిదే అయింది. ప్రతి మూటలోనూ జొన్నలో, కొర్రలో, ఉలవలో ఉన్నాయి. గోడ కట్టిన చేతులే గోడను కాపాడాయి. వానలు పడకముందే శత్రువు విసిగి వెనుదిరిగాడు. నాయుడు అమ్మకు గొప్ప గుడి కట్టించాలని ముచ్చటపడితే, ఆమె కలలో కనిపించి "గుడి వద్దు నాయనా, తలుపులు పీకించు" అంది. మరునాడే పీకించాడు.

నేటికీ ఫాల్గుణ పున్నమినాడు వేలమంది ఈ గడప దాటుతారు. నీడ లేనివారికి ఇల్లు, చెదిరిన కుటుంబాలకు కలయిక అమ్మ ప్రసాదిస్తుందని నమ్మకం. నాయుడి వంశంవారు మాత్రం ఆనాడు ఎండలో బయటే నిలబడాలి. ఇప్పుడు ఆ వంతు, బస్సు కండక్టరుగా ఉద్యోగ విరమణ చేసిన సుంకన్ననాయుడుగారిది. అందరూ లోపలికి వెళ్లాక ఆయన కొండ కిందికి కేకవేస్తారు: "ఇంకెవరన్నా ఉండారా?"

నిరుడు హారతి వేళ మించిపోతుండగా, అడుగు మెట్ల దగ్గర బొరుగులమ్మే ముసలావిడ "ఉండా సామీ" అంది. గంప దించుకుంటూ, ఎత్తుకుంటూ ఆమె పైకి వచ్చి గడప దాటేదాకా హారతి వెలిగించలేదు. నాయుడుగారు ఆమె వెనకే లోపలికి వచ్చారు.