బెల్లోరియా కారు, పదహారు పేజీల చరిత్ర

సామర్లకోట కాలవ గట్టు మీద కోటిలింగం షెడ్డు ఉంది. అన్న కోటిలింగం, తమ్ముడు భద్రం, కోటిలింగం భార్య నరసమ్మ. ఈ ముగ్గురి తెలివీ ఒకచోట పోస్తే ఢిల్లీలో కూడా అంత తెలివి దొరకదని వాళ్ళ నమ్మకం. షెడ్డు నెత్తిన పచ్చరంగుతో పెద్ద బోర్డు రాయించారు: చెప్పింది చెప్పినట్టు చేయబడును. ఆ బోర్డు కింద నిలబడి కోటిలింగం వచ్చేపోయే వాళ్ళకి చెప్పేవాడు, మిగతా మెకానిక్కులు సొంత బుర్ర వాడి బళ్ళు పాడుచేస్తారు, మేం మా బుర్ర జోలికే పోము, అందుకే అది ఇంకా కొత్తగా ఉంది అని.

అది నిజమే. ఒకసారి ఒక లారీ ఆసామి వచ్చి, ఈ ఇంజను చప్పుడు ఇక నా చెవిన పడకూడదు అన్నాడు. అంతే, సాయంత్రానికి ఇంజను ఊడదీసి గట్టు మీద పెట్టేశారు. ఇప్పుడు వినండి, చప్పుడు ఉంటే అడగండి అన్నారు. ఆసామి విన్నాడు. తరవాత ఆయన అన్నవి నేను విన్నాను గాని ఇక్కడ రాయను, ఇంట్లో ఆడవాళ్ళూ పిల్లలూ చదువుతారు.

ఇక నా సంగతి. వేముగుంట జమీందారు గారి డ్రైవరు పేర్రాజుని నేనే. ఈ జిల్లాలో స్టీరింగు పట్టినవాడెవడైనా నన్ను చూసే పట్టాడు. నేను పిఠాపురంలో హారను కొడితే తునిలో రైలు ఆగి దారిచ్చేది. ఇప్పుడు ఎనభై నాలుగేళ్ళు, మోకాళ్ళు కొంచెం మొరాయిస్తున్నాయి గాని మీసం మాత్రం అప్పటిదే.

జమీందారు గారికి జమీందారీ పోయింది గాని సరదా పోలేదు. యాభై ఆరులో ఇటలీ నుంచి ఓడ మీద ఒక కారు తెప్పించారు. పేరు బెల్లోరియా. కూపే అంటారు దాన్ని. రెండే తలుపులు, ముందు ఇద్దరికి చోటు, వెనక పీట లాంటి చిన్న సీటు, పైకప్పు వీపు మీద నుంచి నీళ్ళు జారినట్టు వెనక్కి జారిపోతుంది. లేత పెసరపప్పు రంగు. ప్రపంచం మొత్తం మీద అలాంటివి పదకొండే తయారయ్యాయి. మిగతా పదీ నాలాంటి డ్రైవరు దొరక్క మూలపడ్డాయి.

దొరగారి కూతురు చూడామణి గారు ఆరేళ్ళ పిల్లగా ఆ వెనక సీటు మీదే పడుకుని నిద్రపోయేవారు. దొరగారు పోయాక కారు కొబ్బరి మట్టల కింద ముప్ఫై ఏళ్ళు ఉండిపోయింది. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఆవిడ దాన్ని బయటికి తీయించి, కంపెనీవాళ్ళ బొమ్మల పుస్తకం ఒకటి కోటిలింగం చేతికిచ్చి, ఇందులో ఎలా ఉందో అలా చెయ్యండి అన్నారు. ఇంకేముంది, పద్నాలుగు నెలలు చేశారు. బొమ్మలో ఎన్ని మరలుంటే అన్ని మరలు. బొమ్మలో చక్రం కింద నీడ పడి ఉంటే షెడ్డు నేల మీద అంతమేరా నల్లరంగు వేశారు. కారు మాత్రం ఓడ దిగిన రోజున ఎలా ఉందో అలా తయారైంది.

కాని కారులో సగం వాటా ఆవిడ అన్నగారి అబ్బాయి విజయగోపాలానిది. అతను దాన్ని బొంబాయి పంపించేస్తానని కూర్చున్నాడు. చివరికి పెద్దమనుషుల ముందు ఒక ఒప్పందం కుదిరింది. మద్రాసులో పాతకార్ల సంఘం ఒకటుంది. ఆ సంఘం తరఫున దీక్షితులు గారు గురువారం ఉదయం పదింటికి వస్తారు. ఇది అచ్చంగా ఆనాటి బండే అని ఆయన సంతకం పెడితే కారు మేనత్త దగ్గరే ఉంటుంది. పెట్టకపోతే శుక్రవారం లారీ వస్తుంది.

ఆ సంఘం వాళ్ళు ముందుగా ఒక ఉత్తరం రాశారు. బండి చరిత్ర రాసి ఉంచాలి, చరిత్రలో ఉన్నది బండిలో కనిపించాలి, బండిలో ఉన్నది చరిత్రలో ఉండాలి అని. చరిత్ర రాయడానికి నాకంటే ఎవరున్నారు? పదహారు పేజీలు రాశాను. జనం నమ్మరేమోనని నాలుగైదు చోట్ల తగ్గించి రాశాను కూడా.

సోమవారం పొద్దున్నే అన్నదమ్ములు నేను రాసిన ఆ చరిత్ర పుస్తకం పట్టుకుని మా అరుగు మీదకి వచ్చారు. ఇందులో ఉన్నదంతా నిజమేనా తాతగారూ అని అడిగారు. నాకు ఒళ్ళు మండింది. "ఒక్క అక్షరం అబద్ధమైతే ఈ మీసం తీయించుకుంటాను," అన్నాను. భద్రం నా మీసం వైపు కాసేపు చూసి, ఆ మాట కూడా పుస్తకం చివర రాసుకున్నాడు.

అంతే, అక్కడ మొదలైంది.

మూడో పేజీలో, అన్నవరం ఘాటీలో పెద్దపులి బానెట్టు మీద పంజా వేస్తే నేను కళ్ళలోకి చూసి వెనక్కి పంపిన సంగతి ఉంది. నాలుగు గోళ్ళ గీతలు పడ్డాయని రాశాను. కోటిలింగం బానెట్టంతా వెతికాడు. అద్దంలా ఉంది. ఉత్తరం ప్రకారం చరిత్రలో ఉన్నది బండిలో కనిపించాలి. పులి కోసం భద్రాన్ని పంపిద్దామనుకున్నారు గాని గురువారానికి తిరిగొస్తాడో లేదోనని ఆగారు. నరసమ్మ పిల్లిని తెచ్చి బానెట్టు మీద పెట్టింది. అది ముడుచుకుని పడుకుంది. పులి ఇలా పడుకుందని పుస్తకంలో లేదు కాబట్టి దాన్ని దింపేశారు. ఆఖరికి పెంట ఎత్తే నాలుగు పళ్ళ ఇనప పంజా తెచ్చి, భద్రం ఒక్క లాగు లాగాడు. పద్నాలుగు నెలల పెసరపప్పు రంగు నాలుగు చారలుగా లేచిపోయింది. కోటిలింగం వేలు పెట్టి లెక్క చూసి, సరిపోయింది అన్నాడు.

మంగళవారం ఆరో పేజీకి వచ్చారు. దొరగారి బావమరిది పెళ్ళికి ఆ కారులో పదహారుమందిని ఎక్కించి తీసుకెళ్ళాను. ఇంకేముంది, పదహారుమందిని పిలుచుకొచ్చారు. ఏడుగురు ఎక్కేసరికి తలుపులు పడలేదు. తలుపులు ఊడదీశారు. తొమ్మండుగురు పట్టారు. ముందు అద్దం తీశారు. పన్నెండు. వెనక అద్దం తీశారు. పద్నాలుగు. ఆ పద్నాలుగో మనిషి కరణంగారి అల్లుడు, ఆయన కాళ్ళు బానెట్టు మీద పులి చారల దాకా వచ్చాయి. మిగిలిన ఇద్దరినీ చెరో పక్క నుంచి తోశారు. లోపల ఎవరి చెయ్యి ఎవరిదో తెలియక ఒకరి జేబులోది ఒకరు తీసి నశ్యం పీల్చారట. మొత్తానికి పదహారు. తలుపులూ అద్దాలూ మళ్ళీ బిగించలేదు. గురువారం మళ్ళీ ఎక్కించి చూపించమంటే తీయడం రెండో పని కదా అని నరసమ్మ చెప్పింది. అందరూ ఆవిడ ముందుచూపుకి ఆశ్చర్యపోయారు.

బుధవారం తొమ్మిదో పేజీ. తుని నుంచి రాజమండ్రి దాకా వెనక సీటు మీద కోడి గుడ్లు పొదుగుతూ వచ్చింది, నా తోలకానికి ఒక్క గుడ్డు కదల్లేదు. నరసమ్మ ఇంట్లో పొదుగుతున్న కోడిని గుడ్లతో సహా తెచ్చి, సీటు తోలు మెత్తగా లేదని కత్తితో కోసి లోపలి దూది బయటికి లాగి, మీద గడ్డి పరిచి కూర్చోబెట్టింది. కోడికి బాగా నచ్చింది.

గురువారం పదింటికి దీక్షితులు గారు వచ్చారు. తెల్ల ధోవతి, చేతిలో భూతద్దం. చూడామణి గారు వచ్చారు. నేనూ వెళ్ళాను. కారుని చూసి అమ్మగారు అక్కడున్న స్టూలు మీద కూర్చున్నారు. దీక్షితులు గారు కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, చారల మీద భూతద్దం పెట్టి, ఇవి ఎప్పటివి అని అడిగారు. కోటిలింగం అబద్ధం చెప్పే మనిషి కాదు. సోమవారం నాలుగింటివండీ అన్నాడు. ఆయన వెనక సీటు మీద చెయ్యి పెట్టారు. సరిగ్గా అప్పుడే ఒక గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చి ఆయన అరచేతిలో కూర్చుంది.

"ఇంజను చూశాను. కింద మరలన్నీ చూశాను," అన్నారాయన పిల్లని నరసమ్మకి అందించి. "సోమవారం ఉదయం వచ్చి ఉంటే ఐదు నిమిషాల్లో సంతకం పెట్టి వెళ్ళేవాణ్ణి. ఎవరు రాశారీ పుస్తకం?"

అందరూ నా వైపు చూశారు. ఆయన చివరి పేజీ తెరిచారు. అది కాలవ పేజీ. యాభై ఎనిమిది వరదల్లో వంతెన కొట్టుకుపోతే ఇదే కాలవ, నలభై అడుగుల వెడల్పు, ఆ గట్టు మీంచి ఈ గట్టు మీదకి కారుని దూకించాను, టైరుకి నీటిచుక్క తగల్లేదు. అది రాసేటప్పుడు కలంలో రెండుసార్లు సిరా పోసుకున్నాను, అంత గొప్ప సంగతి.

దీనికి ఆధారం ఎక్కడుందని దీక్షితులు గారు అడిగారు. ఆయన వెటకారంగా అడిగారని నాకు తెలిసింది. కోటిలింగానికి తెలియలేదు. గట్టు మీదకి దయచెయ్యండి అన్నాడు.

అప్పుడు చూడామణి గారు లేచి నా దగ్గరికొచ్చారు.

"పేర్రాజూ, ఆ రోజు వెనక సీట్లో నేనున్నాను. వంతెన మీదుగా నెమ్మదిగా వచ్చాం. నువ్వు ఆ మాట చెప్పు, వీళ్ళు ఆగుతారు."

చెబుదామని నోరు తెరిచాను. భద్రం అన్నగారి వెనక నిలబడి ఉన్నాడు, చొక్కా జేబులోంచి కత్తెర కనిపిస్తోంది. సోమవారం నుంచి పెట్టుకుని తిరుగుతున్నాడట, అవసరం పడుతుందేమోనని. నా చెయ్యి దానంతట అదే మీసం మీదకి వెళ్ళింది. నోరు మూసుకున్నాను. ఇంత జీవితంలో నేను మాట్లాడకుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే, అది ఎంత గొప్పగా ఊరుకున్నానో మీరు చూడాల్సింది.

నరసమ్మ కోడినీ పిల్లనీ దింపుకుంది. కోటిలింగం స్టీరింగు ముందు కూర్చున్నాడు. తలుపులు లేవు కాబట్టి వేసుకునే పని లేదు. బెల్లోరియా అరవై గజాలు వెనక్కి వెళ్ళి, గర్జించి, గట్టు దాటి గాలిలోకి లేచింది. ఐదడుగులు. మహా అయితే ఆరు. తరవాత కాలవలో పడింది.

నీళ్ళు నడుం లోతే. కోటిలింగం లేచి నిలబడి తల దులుపుకున్నాడు. అందరం వాడు ఏడుస్తాడనుకున్నాం. వాడు తమ్ముణ్ణి కేకేసి, టైర్లు అన్నాడు. అంతే, భద్రం జాకీతో దూకాడు. నీళ్ళలో మునిగి నాలుగు టైర్లూ ఊడదీసి, గట్టు మీదకి దొర్లించి, నరసమ్మ పాత చీరతో తుడిచి, అరగంట ఎండలో పెట్టి దీక్షితులు గారి ముందు వరసగా నిలబెట్టారు. "చూడండి బాబూ, నీటిచుక్క లేదు. పుస్తకంలో ఉన్నట్టే," అన్నాడు కోటిలింగం. నేనూ తడిమి చూశాను. నిజంగానే లేదు.

దీక్షితులు గారు భూతద్దం జేబులో పెట్టుకుని స్టేషనుకి వెళ్ళిపోయారు.

శుక్రవారం విజయగోపాలం లారీతో వచ్చాడు. కారు బురదలో ఉంది, కప్పు మీద కొంగ ఉంది. బాగయ్యాక వస్తానని ఖాళీ లారీతో వెళ్ళిపోయాడు. చూడామణి గారు కారుని బయటికి తీయించి, తడిసిన వెనక సీటు మీద కాళ్ళు ముడుచుకుని పది నిమిషాలు కూర్చున్నారు. కాళ్ళు ఇప్పుడు పట్టడం లేదు అన్నారు. తరవాత బొమ్మల పుస్తకం మళ్ళీ కోటిలింగానికి ఇచ్చారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కొత్త చరిత్ర రాయించారు. ఒక్కటే పేజీ, అంతా నిజం, ఒక్క ముక్క ఎక్కువ రాస్తే మీసం సంగతి తనే చూస్తానన్నారు. యాభై ఆరులో కొన్నాం. అమ్మాయిగారు వెనక సీటు మీద నిద్రపోయేవారు. ఫలానా గురువారం పదకొండుంబావుకి కోటిలింగంతో సహా కాలవలో పడింది. అంతే. అంత చప్పని రాత నేనెప్పుడూ రాయలేదు.

ఏడాదిన్నరకి కారు మళ్ళీ పెసరపప్పులా మెరిసింది. మళ్ళీ అదే ఒప్పందం, అదే ఉత్తరం, గురువారం పదింటికి అదే దీక్షితులు గారు. గంటసేపు చూశారు. బానెట్టు నున్నగా ఉంది. తలుపులు ఉన్నాయి. వెనక సీటు మీద కోడి లేదు. ఆయన మొహం విప్పారింది. కలం తీసి మూత విప్పారు. చూడామణి గారు చీర కొంగు రెండు చేతులతో పట్టుకున్నారు.

కోటిలింగం గోడ గడియారం చూశాడు. పదకొండు దాటి పదమూడు నిమిషాలు. "ఒక్క రెండు నిమిషాలు ఆగండి బాబూ," అన్నాడు వినయంగా. "ఒక్కటి మిగిలింది. దానికి టైమవ్వాలి." అని కారెక్కి తలుపు వేసుకున్నాడు.

సరిగ్గా పదకొండుంబావుకి పడింది. పోయినసారి పడ్డచోటే, జానెడు కూడా తేడా లేదు, భద్రం ముందే సున్నంతో గుర్తు పెట్టి ఉంచాడు.

శుక్రవారం లారీ మళ్ళీ ఖాళీగా వెళ్ళింది. విజయగోపాలం ఈసారి మళ్ళీ వస్తానని కూడా అనలేదు. కారు అమ్మగారిదే, వాళ్ళ పెరట్లోనే ఉంది. కాని ఆవిడ చరిత్రలో రెండోసారి పడిన సంగతి కూడా నాచేత రాయించారు. అప్పటి నుంచి కోటిలింగానికి దిగులు పట్టుకుంది. ఒకసారి పడ్డాక బయటికి తీసి ఆరబెట్టి మళ్ళీ పడెయ్యడానికి ఎంత లేదన్నా ఒక రోజు పడుతుందట. దీక్షితులు గారు ఈసారి వస్తే శుక్రవారం దాకా ఉంటారో ఉండరో కాస్త కనుక్కుని చెప్పమని రోజూ మా అరుగు మీదకొచ్చి అడుగుతున్నాడు.