రెండు వీధుల దూరానికి గైడు పుస్తకం

చిదంబరావధానులు గారు అడిగిన ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పగా విన్నవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. వైరాగ్యం అంటే ఏమిటండీ అని అడిగిన పాపానికి ప్లీడరు సూరపరాజు గారి గొడుగును ఆ సాయంత్రమే అరువు పుచ్చుకున్నారు. అది ఇంతవరకూ వెనక్కి వెళ్ళలేదు. ప్లీడరు గారు మాత్రం చినుకు పడ్డప్పుడల్లా వైరాగ్యం గురించి ఆలోచిస్తూ, తడుస్తూ ఇంటికి పోతారు. ఇదంతా తెలిసి కూడా సాయంకాలం వేదాంత పాఠానికి ఆయన అరుగు మీద జనం చేరుతూనే ఉంటారు. వాళ్ళలో ముందు వరసలో కూర్చునేవాడు ఉమాపతిరావు.

ఉమాపతిరావు కాలవల శాఖలో పటాలు గీసి గీసి రిటైరైన మనిషి. బంగారంలాంటివాడు. కాకపోతే ఏ పనైనా మొదలుపెట్టే ముందు దాన్ని గురించి పూర్తిగా తెలుసుకోవాలంటాడు, తెలుసుకోవడం ఎప్పటికీ పూర్తి కాదు. ఆ సంగతి అందరికన్నా బాగా తెలిసింది ఆయన భార్య మాణిక్యాంబకి.

ఆవిడ ఏడో తరగతిలో ఉండగా, రష్యా నుంచి వచ్చే నున్నటి రంగుల పత్రిక కాయితాలతో పిల్లలు పుస్తకాలకి అట్టలు వేసుకునేవారు. ఆవిడ లెక్కల పుస్తకం అట్ట మీద ఒక సరస్సు ఉండేది. నీలం నీళ్ళు, వెనక మంచుకొండలు, ఒడ్డున ఒక గుర్రం. లెక్క రానప్పుడల్లా ఆ సరస్సు చూస్తూ కూర్చునేది, అంటే దాదాపు ఏడాది పొడుగునా. పెళ్ళయ్యాక ఒకసారి మాటల్లో చెబితే, పటాల మనిషి గనక ఉమాపతిరావు అది కిర్గిజ్‌స్తాన్‌లోని ఇస్సిక్ కుల్ అని ఇట్టే పట్టేశాడు. రిటైరవగానే తీసుకెళ్తానని మాట కూడా ఇచ్చాడు.

రిటైరై నాలుగేళ్ళయింది. పాస్‌పోర్టులు బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఆయన రిటైరైన ఏడే ఆవిడ ఒక ఉన్ని స్వెట్టరు కొనుక్కుంది. కోనసీమలో స్వెట్టరుతో ఏం పని? ఏటా దాన్ని ఎండలో వేసి, దులిపి, కలరా ఉండలు పెట్టి మళ్ళీ పెట్టెలో దాస్తోంది. మోకాలు చూసిన డాక్టరు, "ఎక్కాల్సిన కొండలేమైనా ఉంటే ఈ ఏడే ఎక్కెయ్యండమ్మా" అని నవ్వుతూ అన్నాడు. ఆవిడ నవ్వలేదు.

ఉమాపతిరావు బాధ కూడా అబద్ధం కాదు. సింగపూరు ప్రయాణమైతే ఆ వీధిలోనే ముగ్గురు సలహాదార్లున్నారు. కిర్గిజ్‌స్తాన్ వెళ్ళొచ్చినవాడు జిల్లాలోనే లేడు. అందుకని పుస్తకాలు తెప్పించాడు. డేరాలో గుర్రం పాలు ఇస్తే వద్దనకండి, నొచ్చుకుంటారు అంటుంది ఒక గైడు. తాగితే మీ పొట్టకి మేం పూచీ కాదంటుంది ఇంకొకటి. సరస్సుకి పోయే దారి ఒక పటంలో ఎర్రగా లావుగా ఉంది, మరో పటంలో చుక్కలు చుక్కలుగా ఉంది, మూడో దాంట్లో దారే లేదు, సరస్సు మాత్రం ఉంది. మాణిక్యాంబకి ఆ మూడోదే నచ్చింది. ఆయన మాత్రం ఏటా వేసవి ముందు, "కొత్త ముద్రణ వస్తోందటోయ్, అది చూసి టిక్కెట్లు తీసుకుందాం" అంటూనే ఉన్నాడు.

చివరికి ఒకరోజు పాఠమయ్యాక ఆ పుస్తకాలన్నీ సంచిలో మోసుకొచ్చి గురువుగారి ముందు అరుగు మీద పరిచాడు.

"ఒకదానికొకటి పొసగడం లేదండీ. వీటిలో ఏది ప్రమాణం? ఏది పట్టుకుని బయల్దేరమంటారు?"

అవధానులు గారు నశ్యం పీల్చి, తీరిగ్గా తుమ్మి, "ఆదివారం మీ ఇంటికి భిక్షకి వస్తాను" అన్నారు.

ఉమాపతిరావు ప్రశ్న సంగతే మర్చిపోయాడు. గురువుగారు ఒకరింట భోజనం చేసి ఎన్నేళ్ళయిందో! నేనే వచ్చి తీసుకెళ్తానన్నాడు.

"వద్దు. ఆ దేశంలో నిన్నెవరొచ్చి తీసుకెళ్తారు? మీ ఇల్లు నాకు తెలీదు. ఒక గైడు రాసి, పటం గీసి ఇయ్యి. చూసుకుని నేనే వస్తాను."

రెండు వీధుల అవతల ఉన్న ఇల్లు ఆయనకి తెలియకపోవడమేమిటని అనుమానం రావాలి. రాలేదు. పటం గియ్యమంటే ఉమాపతిరావుకి ఇంకేమీ తోచదు. నాలుగు రంగుల సిరాలతో కూర్చున్నాడు. ఉత్తర దిక్కుకి బాణం గుర్తు, కొబ్బరి పీచు కొట్టు దగ్గర జారే తూము, మునసబు గారి కొమ్ముల ఆవు, మధ్యాహ్నం నీడ ఉండే వైపు, ఏదీ వదల్లేదు. ముఖచిత్రం కూడా వేశాడు.

ఆదివారం మాణిక్యాంబ తెల్లవారకుండానే మడి కట్టుకుంది. పనసపొట్టు కూర, ముక్కల పులుసు, పెరుగు గారెలు, బూరెలు. గురువు భోంచేసేదాకా ఇంట్లో ఎవరూ ఏదీ ముట్టకూడదు గనక కాఫీ కూడా లేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. గురువుగారు రాలేదు.

ఉమాపతిరావు వెళ్ళి చూస్తే, ఆయన అరుగు మీద భూతద్దం పెట్టుకుని గైడు చదువుతున్నారు.

"రా, సమయానికి వచ్చావు. ఈ ఆవు పొడుస్తుందా, పొడవదా?"

"పొడవదండీ. చూడ్డానికి అలా ఉంటుంది."

"మరి ఎందుకు రాశావు?"

"జాగ్రత్త కోసమండీ."

"మంచిదే. జాగ్రత్త పడాల్సినవి ఇంకా చాలా పేజీలున్నాయి. నువ్వు పద, నేను చదువుకుని వస్తాను."

ఇంటికొస్తే మాణిక్యాంబ గుమ్మంలోనే ఉంది. బయల్దేరారా అంది. బయల్దేరుతున్నారన్నాడు. ఆవిడ పులుసు మళ్ళీ వెచ్చబెట్టింది. ఎంతసేపటికీ వీధిలో ఎవరూ రాకపోతే ఆయన మళ్ళీ వెళ్ళాడు. గురువుగారి ఒళ్ళో ఇప్పుడు రెండు పటాలున్నాయి.

"ఎందుకైనా మంచిదని ప్లీడరు చేత కూడా ఒకటి గీయించాను. అతను కాలవ గట్టు మీంచి రమ్మంటున్నాడు. నువ్వు బజారు మీంచి అంటున్నావు. ఏది ప్రమాణం?"

"రెండూ మా ఇంటికే వస్తాయండీ" అన్నాడు ఉమాపతిరావు. గొంతులో గౌరవం కొంచెం సన్నబడింది.

"అలా తేలిగ్గా తీసిపారేస్తే ఎలా? పోల్చి చూడనీ."

మళ్ళీ ఇల్లు. బూరెలు చల్లారిపోయాయి, గారెలు పెరుగంతా పీల్చేసుకున్నాయి. మాణిక్యాంబ మోకాలు పట్టుకుని గడప మీద కూర్చుని ఉంది. "రాక ఏం చేస్తారు, వస్తారు లెండి" అంది, ఒక్క విసుగు మాట లేకుండా. ఆ మాట వినేసరికి ఉమాపతిరావుకి ప్రాణం ఉసూరుమంది, వెంటనే కోపం కూడా వచ్చింది. ఈసారి చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాడు.

అవధానులు గారు పుస్తకం మూసి పక్కన పెట్టుకుని ఆలోచిస్తున్నారు. "ఉమాపతీ, ఈ పటం గీసి వారం అవుతోంది. ఈలోపు దార్లో ఏం మారాయో ఏమో. నువ్వు కొత్త ముద్రణ వేశాక బయల్దేరితే మంచిదేమో."

ఉమాపతిరావు జీవితంలో మొదటిసారి గురువు మీద గొంతెత్తాడు.

"అయ్యా, మా ఇల్లు ఇక్కణ్ణుంచి కేకేస్తే వినపడుతుంది. ఆ పుస్తకం అవతల పారేసి లేవండి. మీరు చదివిన దాంట్లో సగం నేను ఊరికే రాశాను. అక్కడ ఆవిడ అన్నీ వండుకుని, పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా గుమ్మం పట్టుకుని కూర్చుంది."

అవధానులు గారు చప్పున లేచారు. కండువా భుజాన వేసుకున్నారు, మూలనున్న ప్లీడరు గారి గొడుగు తీసుకున్నారు, ఏ పటమూ చూడకుండా తిన్నగా బజారు దారి పట్టారు. మునసబు గారి ఆవు ఆయన్ని చూసి పక్కకి తప్పుకుంది. పీచు కొట్టు దాటేసరికి ఉమాపతిరావుకి కోపం దిగి సిగ్గు పట్టుకుంది.

"క్షమించండి, నోరు జారాను. పాపం పొద్దుటినుంచీ ఎదురుచూస్తోందన్న బాధలో..."

వీధి మొగ తిరగ్గానే మాణిక్యాంబ కనిపించింది. వాళ్ళని చూసి గడప మీంచి మెల్లగా, మోకాలి మీద చెయ్యి ఆనించి లేస్తోంది. గురువుగారు ఒక్క క్షణం ఆగి గొడుగు తెరిచారు.

"పొద్దుటినుంచేనా?" అన్నారు.