కోట తీగ

రాజ్యం పోయి కోట ఒక్కటే మిగిలిన కాలంలో, గంధవరం రాణిగారికి తన పడకగదిలో పాత రేడియో పాటలు వినాలనిపించింది. రెండు మూరల మందం గోడలు దాటి వైఫై రాలేదు. గోడ పగలగొట్టి కేబుల్ లాగాల్సిందేనన్నాడు దివాన్ జగ్గారావు. ఆ గోడ మీద కాలం చేసిన రాజుగారు స్వయంగా గీసిన నెమళ్ళున్నాయి. రాణిగారి కళ్ళు చెమర్చాయి.

కరెంటు మేస్త్రీ సన్యాసప్పడు ముందుకొచ్చాడు.

"అమ్మగారూ, రాజుగారు నిచ్చెన పట్టుకుంటే నేను లాగిన తీగలున్నాయి కదా! కరెంటుతో పాటు ఇంటర్నెట్‌నీ అవే మోస్తాయి."

రెండు చిన్న పెట్టెలు తెచ్చి, ఒకటి రూటర్ దగ్గర, రెండోది రాణిగారి మంచం పక్కన ప్లగ్గులో పెట్టాడు. యాభై ఏళ్ళనాటి పాట ఫోన్లో మోగింది. రాణిగారు కళ్ళు మూసుకున్నారు.

దివాన్‌కి తల కొట్టేసినట్టయింది. "గారడీ! ఈ పెట్టె ఎక్కడ పెట్టినా పాడుతుంది."

"కోట తీగ ఉన్నచోటే పాడుతుందండీ. వేరే మీటరున్న తమరింట్లో పాడదు."

"పాడించి చూపిస్తా!" అంటూ దివాన్ పెట్టె పీక్కుని వీధి అవతల తనింటికి నడిచాడు. అందరూ వెంట వెళ్ళారు. ప్లగ్గులో పెట్టగానే రాణిగారి చేతిలోని ఫోన్లో పాట ఖంగుమంది.

"చూశారా అమ్మగారూ, వీడిది పచ్చి అబద్ధం!" అని ఎగిరాడు దివాన్.

రాణిగారు మేస్త్రీ వైపు తిరిగారు. "అప్పడూ, ఈ ఇంటికి కోట తీగ నువ్వే లాగావా?"

"నేను లాగలేదమ్మగారూ. రాజుగారు నిచ్చెన పట్టుకున్న రోజుల్లో కోట కరెంటు వీధి దాటలేదు."