తుర్రుగాడికి తెలిసిన గొంతు

నల్లగుట్ట మీద పొద్దు వాలిందంటే చాలు, చెవులు చిల్లులు పడాల్సిందే. దొడ్డికి దిగే వేళ ప్రతి మేకా తన పిల్లను గొంతెత్తి పిలవాలి, పిల్ల ఆ గొంతు పట్టుకుని వచ్చి తల్లి పక్కన నిలబడాలి. మేకల్లో అది తరతరాల కట్టుబాటు. ఎవరి పిలుపు వాళ్లదే, ఒకరు పిలిస్తే ఇంకొకరి పిల్ల చెవి కూడా కదపదు.

కొండమ్మ పిలిస్తే మాత్రం సొంత కొడుకే చెవి కదిపేవాడు కాదు. తల్లి పెట్టిన పేరేదో ఉండేది గానీ, పిలవగానే తుర్రుమంటున్నాడని మందంతా వాణ్ణి తుర్రుగాడనే అనేది.

"ఒరేయ్! వస్తావా, కాళ్లు విరగ్గొట్టమంటావా? దొరికావంటే తోలు వలిచేస్తా!" అని కొండమ్మ గుట్ట అదిరేలా అరిచేది. వాడు ఒక్క ఉరుకున వాగు వైపు పరుగు. ఆవిడ వెనకాల పరుగు. చివరికి ఆకలేసి వాడే వచ్చేవాడు. రాగానే కొమ్ములతో నాలుగు కుమ్ములు. మర్నాడు మళ్లీ అదే తంతు.

పాపం, కొండమ్మ కోపం ఊరికే వచ్చింది కాదు. పోయినేడు పుట్టిన పిల్లను ఆ వాగు ఒడ్డునే గుంటయ్య అనే నక్క ఎత్తుకుపోయాడు. కడుపులో ఉన్న భయమంతా ఆవిడ నోట్లోకి వచ్చేసరికి తిట్లయ్యేది.

ఆ గుంటయ్య వాగు అవతలి పొదలో కూర్చుని ఈ తిట్లు రోజూ వింటూనే ఉన్నాడు. ఎవరి గొంతునైనా ఇట్టే దించేయడం వాడికి వెన్నతో పెట్టిన విద్య. పైగా ఒక సంగతి కనిపెట్టాడు. తల్లి గొంతు ఎటు నుంచి వినిపిస్తే, తుర్రుగాడు దానికి ఎదురు దిక్కుకు పరుగెత్తుతాడు!

"ఇంకేం కావాలి? వాగు మలుపులో దారి మూసుకుపోయిన గొంది ఉంది. నేను గుట్ట వైపు నుంచి తల్లిలా అరుస్తా. వాడే పోయి అందులో దూరతాడు. వెనకాలే నేను!" అని లొట్టలేశాడు. గొందిలో ఇంకా మోకాలి లోతు నీళ్లున్నాయి. అవి ఇంకేదాకా ఆగుదామని, చెరకు గడలు నమలడానికి పక్క ఊరి తోటలకు చెక్కేశాడు.

ఒక సాయంత్రం కొడుకును కుమ్మి కుమ్మి ఆయాసపడుతున్న కొండమ్మ దగ్గరకు పుల్లమ్మ వచ్చింది. పుల్లమ్మ అంటే చాకిరేవు మూటలు మోసి మోసి, వయసు మీద పడ్డాక గుట్ట మీద మేస్తున్న ముసలి గాడిద.

"ఎందుకే కొట్టావు?"

"పిలిస్తే రానందుకు, పుల్లమ్మత్తా."

"వచ్చాడుగా మరి?"

"వచ్చాడు కాబట్టే దొరికాడు. దొరికాడు కాబట్టే కొట్టాను."

"అంటే వాడికేం తెలిసిందే పిచ్చిదానా? రానంతసేపూ హాయిగా ఉంది, వచ్చిన మరుక్షణం వీపు పగిలింది. నువ్వైతే వస్తావా?"

"కొట్టకపోతే మారతాడా?"

"నన్ను పుట్టిన దగ్గర్నుంచీ కొట్టారే తల్లీ. కర్రతో, తాడుతో, చేతికేది దొరికితే దానితో. ఏమైనా మారానా? ఇప్పటికీ గాడిదనే."

కొండమ్మకు నవ్వాగలేదు. "మెత్తగా చెబితే వినే రకమా వాడు? గాడిద గుడ్డేం కాదూ!" అనేసి, ఎదురుగా ఉన్నదెవరో గుర్తొచ్చి నాలుక్కరుచుకుంది.

"పర్లేదులే, అలవాటే," అంది పుల్లమ్మ చెవులూపుతూ. "ఒకటే మాట విను. వచ్చినందుకు కొట్టకు, ఎంత ఆలస్యంగా వచ్చినా సరే. మెల్లగా పిలువు. రాకపోతే రేపు గుట్టకు తీసుకెళ్లనని చెప్పు. చెప్పాక నిజంగానే తీసుకెళ్లకు. ఏడ్చినా కరిగిపోకు, అలాగని అరవకు."

మర్నాడు కొండమ్మ గొంతు సవరించుకుని, "నాన్నా తుర్రూ, ఇంటికెళ్దాం రా!" అని పిలిచింది. మందంతా ఆగిపోయి చూసింది. తుర్రుగాడు బండ చాటు నుంచి తల బయటపెట్టి, "అమ్మా, ఒంట్లో బాగాలేదా నీకు?" అనడిగాడు. ఇందులో ఏదో మోసం ఉందని చీకటి పడేదాకా రానేలేదు. వచ్చాక కొండమ్మ పళ్లు నూరుకుంటూనే వాడి నుదురు నాకింది. "ఆలస్యంగా వచ్చావు. రేపు గుట్టకు రావడం లేదు నువ్వు, దొడ్లో గంప కిందే ఉంటావు," అంది.

"చంటిపిల్లలతో కలిసి గంప కింద కూర్చోవాలా!" అని వాడు దొడ్డి పీకి పందిరేశాడు. వెదురు గంప సందుల్లోంచి వాడి ఏడుపు వింటూ గుట్టెక్కుతుంటే కొండమ్మ ప్రాణం ఉసూరుమంది. అయినా వెనక్కి తిరగలేదు.

అంతా సాఫీగా సాగిందనుకునేరు. నాలుగో రోజు వాడు మళ్లీ వాగు దాకా పోతే ఆవిడకు ఒళ్లు మండి, వచ్చాక రెండు కుమ్మేసింది. అంతే, వాడు మళ్లీ దగ్గరకు రావడం మానేశాడు. అప్పుడు కొండమ్మ తనే వెళ్లి దూరంగా నిలబడి, "నిన్న కొట్టడం నా తప్పేరా. భయమేసి కొట్టాను. ఇంక కొట్టను," అంది. ఆ సాయంత్రం తుర్రుగాడు రెండో పిలుపుకే వచ్చాడు. నెల తిరిగేసరికి మొదటి పిలుపుకే రావడం మొదలైంది.

అదిగో, సరిగ్గా అప్పుడే చెరకు తిని నిగనిగలాడుతూ గుంటయ్య దిగాడు. గొందిలో నీళ్లు ఇంకిపోయాయి. తుర్రుగాడు వాగు ఒడ్డున ఒంటరిగా రేగుకాయలు ఏరుకుంటున్నాడు. నక్క గుట్ట వైపు పొదలో నక్కి గొంతెత్తాడు.

"ఒరేయ్! వస్తావా, కాళ్లు విరగ్గొట్టమంటావా? దొరికావంటే తోలు వలిచేస్తా!"

గుట్ట మీద కొండమ్మ కొయ్యబారిపోయింది. కింది నుంచి వస్తున్నది తన గొంతే. అచ్చం అలాగే, ఆ కీచుదనంతో సహా. "నేను ఇలా అరిచేదాన్నా నా బిడ్డ మీద?" అని సిగ్గుతో చచ్చిపోయింది. ఆ వెంటనే, పొదలో ఉన్నది గుంటయ్యేనని తట్టింది.

తుర్రుగాడు తలెత్తాడు. పరుగెత్తలేదు. "ఎవరు నువ్వు?" అన్నాడు.

"మీ అమ్మనురా వెధవా! వీపు చీరేస్తా!"

"కాదు. మా అమ్మ ఇలా పిలవదు."

నక్కకు మతిపోయింది. ఇంకా గట్టిగా తిడితే దారికొస్తాడనుకుని, నేర్చుకున్న తిట్లన్నీ వరసపెట్టి వదిలాడు. తిట్టిన కొద్దీ పిల్లవాడికి అనుమానం గట్టిపడింది.

కొండమ్మకు కెవ్వున అరవాలనిపించింది. గొంతు దాకా వచ్చిన కేకను బలవంతాన మింగి, "నాన్నా తుర్రూ, ఇక్కడున్నాను. బండల మీదుగా రా!" అని పిలిచింది.

వాడు ఒక్క గెంతు గెంతాడు. బండ మీంచి బండ మీదకు ఎగురుకుంటూ పైకి వచ్చేస్తున్నాడు. గుంటయ్య కడుపు మండి వెంటపడ్డాడు గానీ, చెరకు తిన్న పొట్టతో బండలెక్కడం వాడివల్ల ఏమవుతుంది? రొప్పుతూ రోజుతూ ఎలాగో పైకి చేరేసరికి, పుల్లమ్మ అటు తిరిగి నిలబడి ఉంది. ఒక్కటిచ్చింది వెనక కాళ్లతో! నక్క దొర్లుకుంటూ పోయి వాగులో పడ్డాడు.

"అన్యాయం!" అని ఊడిన పళ్లు ఊస్తూ ఏడ్చాడు. "ఎంత కష్టపడి కంఠతా పట్టానో ఆ తిట్లన్నీ! చెప్పాపెట్టకుండా మార్చేస్తే ఎలాగ?"

పైన తుర్రుగాడు తల్లి పొట్ట కిందకు దూరాడు. "అమ్మా, చెప్పకుండా వాగు దాకా పోయాను. కొడతావా?"

"రేపు గంప కింద ఉంటావు," అంది కొండమ్మ, వాడి నుదురు నాకుతూ, కళ్లనీళ్లు ఆపుకోలేక.

దగ్గరకొస్తే దెబ్బ పడదని నమ్మిన బిడ్డే, ఆపద వచ్చినప్పుడు దగ్గరకొస్తుంది.