డప్పు వెంట నీళ్లు

ఒక పట్నంలో పెద్దలు మంచినీళ్ల పనిని గుత్తేదారుకి అప్పగించారు. తోడడం, వదలడం, గొట్టాలు బాగుచేయడం అన్నీ అతనివే. సరిగా చేస్తున్నాడో లేదో చూడమని ఒక తనిఖీదారుని పెట్టారు.

తనిఖీదారు మంచివాడే. ఎవరి దగ్గరా పైసా ముట్టేవాడు కాదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరేవాడు. కాకపోతే ఆ పట్నంలో ఒక మర్యాద ఉంది. పెద్దమనిషి వస్తుంటే ముందు డప్పు మోగాలి. "తనిఖీదారుగారు నేతవీధికి వస్తున్నారహో!" అని చాటాలి. డప్పు లేకుండా వెళ్తే పరువేం కానండీ! ఆ డప్పువాడిని పెట్టింది కూడా గుత్తేదారే. అందులో తప్పుందని ఒక్క మహానుభావుడికీ తోచలేదు.

డప్పు మోగిన వీధిలో కుళాయి ధారగా పారేది. ఎర్రంచు చీర కట్టుకున్న ఒకావిడ నిండు బిందె చంకనెత్తుకుని ఎదురొచ్చేది. "నీళ్లకేం లోటు లేదు బాబుగారూ," అనేది. ఆయన తలాడించి వెనక్కి తిరిగేవాడు.

నేతవీధిలో నవ్విన ఆవిడే గాజుల వీధిలోనూ నవ్విందని ఒకనాడు ఆయనకి అనుమానం వచ్చింది. 'ఆడవాళ్ల మొహాలు నాకేం గుర్తుంటాయిలే' అనుకుని ఇంటికెళ్లి భోంచేశాడు.

ఆయన కూతురు ముత్యాలు ఊరి చివర వాగొడ్డు వీధిలో కాపురం ఉంటోంది. "నాన్నా, మా కుళాయి ఎండిపోయింది. చంటిదానికి జ్వరం. గొంతు తడపడానికి చుక్క నీళ్లు లేవు. ఒక్కసారి రా," అని కబురంపింది.

"మొన్నే కదా మీ వీధి చూశాను, బ్రహ్మాండంగా వస్తున్నాయి. చిన్నప్పట్నుంచీ నీకన్నీ కంగారే," అని ఈయన తిరుగు కబురంపాడు. ఆయన చూసింది వీధి మొదట్లో ఉన్న కుళాయిని. పనిమీద ఉండి కూతురి గడప తొక్కితే పక్షపాతం అంటారని అటు వెళ్లలేదు. ఎంత నిజాయితీ చూడండి!

మళ్లీ కబురు రాలేదు. అప్పుడు పుట్టింది భయం. డప్పువాడికి చెప్పకుండా, మిట్టమధ్యాహ్నం ఒక్కడే బయల్దేరాడు.

వాగొడ్డు వీధిలో అలికిడి లేదు. కుళాయి తిప్పితే గాలి ఈల వేసింది. వాకిళ్లలో ముగ్గులున్నాయి. తలుపులు బార్లా తీసున్నాయి. లోపల మనుషుల్లేరు.

"ముత్యాలూ!" అని కూతురి ఇంటి ముందు నిలబడి అరిచాడు.

"వచ్చావా నాన్నా!" ఎర్రంచు చీర ఆవిడ గడపలోకి వచ్చింది. "ఎండన పడొచ్చావు. లోపలికి రా."

"నువ్వెవరు? నా బిడ్డేది?"

"నేనే కదా నాన్నా," అంటూ అదే నవ్వు నవ్వింది.

ఆవిడను తోసుకుని పెరట్లోకి పరిగెత్తాడు. ఎండిన వాగులో వీధి వీధంతా చెలమలు తవ్వుతోంది. ఎంత తవ్వినా పొడి ఇసుకే వస్తోంది. వాళ్ల మధ్య ముత్యాలు కనిపించింది. చంకలో చంటిది తల వాల్చేసింది.

"నాన్నా!" అంది ముత్యాలు.

ప్రాణం లేచొచ్చింది ఆయనకి. వాగులోకి దిగబోయాడు. అంతలో వీధిలో డప్పు మోగింది, కుళాయి పారింది. పట్నం పెద్దలు గుత్తేదారుని వెంటబెట్టుకుని పెరట్లోకి వచ్చేశారు.

"ఏమయ్యా, ఈ వీధి జనం నీళ్ల కోసం వాగులో పడి తవ్వుతున్నారని ఊరంతా గోలగా ఉంది," అన్నాడు ఒక పెద్ద తనిఖీదారుతో. "నువ్వేమో అంతా బాగుందంటివి. ఈవిడెవరు?"

ఎర్రంచు చీర ఆవిడ పెద్దలకి పీటలు వేస్తోంది.

ఈవిడ తన కూతురు కాదంటే, మిగతా వీధుల్లో తను చూసిందెవర్ని? ఇన్నేళ్లూ అంతా బాగుందని తను చెప్పిందేమవుతుంది? ఛీ, పాపిష్టి నోరు, అప్పుడైనా నిజం పలకొచ్చు కదా!

"మా అమ్మాయే," అన్నాడు.

"మరి ఆ వాగులో వాళ్లు?"

"ఎవరో. నాకు తెలీదు."

ఆ మాట వాగుదాకా వినిపించింది. ముత్యాలు మళ్లీ పిలవలేదు. చంటిదాన్ని ఇసుక మీద పడుకోబెట్టి, రెండు చేతులతో తవ్వడం మొదలుపెట్టింది.