అరటినార కట్లు

కొంగు నిండా ముడులై, దస్తగిరమ్మ నడుస్తుంటే అది మోకాలికి తగిలి దెబ్బ వేసేది.

ఆమెకు అక్షరం రాదు. అరవై ఏడో ఏట గుట్ట మీది దర్గాకు వచ్చి దూదిసామి దగ్గర శిష్యురాలిగా చేరింది. సామి పడుచుతనంలో ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. ఆ పని పోయినా పేరు మిగిలింది. ఆయన ఎప్పుడన్నా ఒక మంచిమాట చెబితే, మరిచిపోతానేమోనని ఆమె అప్పటికప్పుడే కొంగుకు ఒక ముడి వేసుకునేది.

ఒకనాటి పొద్దున కూర్చుని ఆ ముడులన్నీ తడిమి చూసుకుంది. ఏ ముడి ఏ మాటకు వేసిందో ఒక్కటీ తట్టలేదు. మళ్ళీ మొదటినుంచి తడిమింది. ముడి చేతికి తగిలింది గాని మాట రాలేదు.

లేచి తిన్నగా సామి దగ్గరికి వెళ్ళింది.

"సామీ, నేను చిల్లికుండను. మీరెంత పోసినా నిలవదు. నన్ను ఊరికి పంపించండి. ఈ చాప మీద ఇంకొకరన్నా కూర్చుంటారు."

సామి వంటపాక వైపు చెయ్యి చూపాడు.

"పోదువులేమ్మా. వంటపాక గోడలో తేనెటీగలు ఉన్నాయి కదా. వానలు పడకముందే ఆ గోడ కూల్చాల. వడ్లాయన చెక్కపెట్టె చేసి ఇచ్చినాడు. వాటిని అందులో కాపురం పెట్టి, ఆ మీదట పో."

"నాకేం తెలుసు సామీ? ఈగ కుడుతుందని తప్ప ఇంకేమీ తెలీదు."

"అది తెలిస్తే నిదానంగా చేస్తావు. చాలు."

ఎండ తగ్గాక పని మొదలుపెట్టారు. పొగ పట్టడానికి ఫక్కీరప్ప వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, సామి శిష్యుడే. గురువు నోట వచ్చిన ప్రతి మాటా, వచ్చిన రోజుతో సహా అప్పజెప్పగలడు. పాత పరుపులోని దూదిని పేలికలో చుట్టి అంటించి, సన్నటి పొగను గోడ సందులోకి ఊదాడు. లోపల రొద తగ్గింది.

సామి గోడ సందును వెడల్పు చేసి, తేనెపట్టును ముక్కలుగా కోసి ఇస్తుంటే దస్తగిరమ్మ అందుకునేది. "గోడలో ఏ అంచు పైకి ఉందో, పెట్టెలోనూ అదే అంచు పైకి ఉండాల" అన్నాడాయన. ఒక్కో ముక్కనూ ఒక్కో చెక్క చట్రంలో నిలబెట్టి, తడిపిన అరటినారతో కట్టాలి. పట్టు గదుల్లో తెల్లటి పిల్లపురుగులు కదులుతున్నాయి. వాటిని చూడగానే ఆమెకు చేతులు ఆడలేదు. ఒక కట్టు వేసింది. చాలదేమోనని రెండోది వేసింది. దాని మీద మూడోది.

ఫక్కీరప్ప నవ్వాడు. "ఏందక్కా, ఈగలకు కాపురం పెడతాండావా, కోడెదూడను కట్టేస్తాండావా?"

"జారి పడితే పిల్లలు నలిగిపోవా? నీకేం నాయనా, నోటితో కడతావు."

"కట్టనీరా" అన్నాడు సామి.

చివర్న రాణి ఈగ కనబడింది, మిగతావాటికంటే పొడుగ్గా, నల్లగా. సామి చెప్పగా దస్తగిరమ్మే దోసిలి పట్టి, ఊపిరి బిగబట్టి దాన్ని పెట్టెలో వదిలింది. కాసేపటికి మిగతా ఈగలన్నీ పెట్టెకున్న సన్నటి ద్వారం గుండా, పెళ్ళికూతురి వెనక చుట్టాల్లా, బిలబిలమంటూ లోపలికి నడిచాయి. పెట్టెను ఆ గోడ దగ్గరే బండ మీద నిలిపారు.

"వారం దాకా మూత ఎత్తొద్దు. కొత్త ఇల్లు కదా, బెదిరితే లేచిపోతాయి" అన్నాడు సామి.

దస్తగిరమ్మ కొంగుకు ఇంకో ముడి వేసుకుంది.

మూడోనాటి పొద్దున ముఖం తుడుచుకుంటుంటే ఆ ముడి చేతికి తగిలింది. ఇది ఈగల సంగతి. అంతవరకు తెలిసింది. ఏం చెయ్యమన్నాడు? మూత సంగతేదో అన్నాడు. తీసి చూడమన్నాడేమో. వెళ్ళి మూత ఎత్తింది.

జుమ్మని రొద లేచింది. కనుబొమ మీద ఒక ఈగ కుట్టింది. ఆ మంటతోపాటే సామి మాట గుర్తొచ్చింది.

మూత పెట్టేసి పరుగున పోయి సామి ముందు నిలబడింది.

"వద్దన్న పనే చేసినాను సామీ. ముడి ఉంది, మాట లేదు."

సామి గోటితో ముల్లు గీకి తీశాడు. "మూత సరిగ్గా పెట్టినావా?"

"పెట్టినాను."

"ఇంకేం. పోయి వాటి దగ్గర కూర్చో."

ద్వారం బయట ఈగలు గుత్తిలా ముసురుకున్నాయి. ఫక్కీరప్ప చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇంక ఉండవక్కా. లేచిపోయేటట్టే ఉండాయి."

దస్తగిరమ్మ పెట్టె పక్కనే చతికిలబడింది. గోడలో ఉన్న గూడు పోయింది, ఈ పెట్టె కూడా వద్దనుకుంటే ఆ పిల్లల గతేంటి? తనను నమ్మి అప్పగించిన ఒక్క పనీ ఇట్లా అయింది. ఎండ తల మీదికొచ్చినా ఆమె కదల్లేదు. దాహం వేసి చెంబెత్తింది. నోటిదాకా వచ్చిన చెంబును దించి, ఒక మట్టి మూకుడులో గులకరాళ్ళు పరిచి, నీళ్ళు పోసి పెట్టె ముందు పెట్టింది. మిగిలినవి తాను తాగింది.

ఫక్కీరప్పతో అప్పుడే వస్తున్న సామి అది చూశాడు.

"ఆ నీళ్ళు పెట్టమని ఎవరు చెప్పినారమ్మా?"

"చెప్పేదేముంది సామీ? వాటికి మాత్రం దప్పి కాదా?"

ఫక్కీరప్ప గబుక్కున నోరు తెరిచాడు. 'నోరులేని జీవం తాగినాక నువ్వు తాగు.' ఆమె దర్గాకు వచ్చిన మొదటి శుక్రవారం సామి చెప్పిన మాట అది. ఆమె వేసుకున్న మొదటి ముడి. సామి అతని కేసి చూసి, పెదవుల మీద వేలు పెట్టాడు.

సాయంత్రానికి ఈగలు ఒక్కొక్కటే లోపలికి పోయాయి.

మరునాడు ఇంకో భయం. ఒక ఈగ నారపోగు ఒకదాన్ని ఈడ్చుకొచ్చి ద్వారం అంచునుంచి కింద పడేసింది. ఇంకొకటి ఇంకో పోగు తెచ్చింది.

"సామీ, నా కట్లన్నీ కొరికేస్తాండాయి! పట్టు పడిపోతాది!"

"కొరకనీ" అన్నాడాయన. "వారం కానీ."

వారం అయింది. ఫక్కీరప్ప కూడా చూడడానికి వచ్చాడు. సామి మూత తీసి, ఒక చట్రాన్ని మెల్లగా పైకెత్తాడు. దాని మీద ఒక్క కట్టూ లేదు. దస్తగిరమ్మ కింద అరచేతులు చాచింది, పడితే పట్టుకుందామని.

సామి చట్రాన్ని అటూ ఇటూ వంచాడు. పట్టు కదల్లేదు. చెక్కకూ పట్టుకూ నడుమ కొత్త మైనం తెల్లగా మెరుస్తూ, అంచు పొడుగునా అతుక్కుపోయి ఉంది.

ఆయన వంగి, పెట్టె కింద రాలిన నారపోగులను ఏరి, చాచిన ఆమె అరచేతుల్లో పోశాడు.

దస్తగిరమ్మ ఆ పోగులనూ, తన కొంగు ముడులనూ మార్చి మార్చి చూసింది. తర్వాత బండ అంచున కూర్చుని, కొంగు ఒళ్ళోకి తీసుకుని, ఒక్కొక్క ముడీ విప్పసాగింది. గట్టిపడిన వాటిని పంటితో లాగింది. అన్నీ విప్పాక, నలిగిన ఆ కొంగుతోనే కళ్ళు ఒత్తుకుని, సామి పాదాలకు మొక్కింది.

"లేమ్మా" అన్నాడు సామి. "ఊరికి పోతానంటివే, మూట కట్టుకున్నావా?"

ఆమె బిత్తరపోయి చూసింది. "నేనా? ఎప్పుడంటిని సామీ?"

ఫక్కీరప్ప మళ్ళీ నోరు తెరిచాడు. సామి అతనికి అవకాశం ఇవ్వలేదు.

"ఏమోనమ్మా" అన్నాడు, చట్రాన్ని పెట్టెలో దించుతూ. "నాకూ గుర్తు లేదు."