సముద్రం కుడిచేతి వైపు

మాంక్టన్ ఊళ్ళో తెలివైన కుటుంబం ఏదని ఎవరైనా అడిగితే నాగభూషణం చెయ్యెత్తుతాడు. అడక్కపోయినా ఎత్తుతాడు. కోనసీమ నుంచి కెనడా తూర్పు కొసకి వచ్చి పదేళ్ళయినా ఆ ఇంటికి ఇంతవరకూ ఒకరి సలహా అవసరం పడలేదు. ఇంట్లో ఉండేది ముగ్గురు. నాగభూషణం, అతని భార్య మంగతాయారు, తమ్ముడు అబ్బులు. ముగ్గురిలోనూ తెలివి కాస్త తనకే ఎక్కువని మంగతాయారు నమ్మకం. ఆ సంగతి మొగుడికి చెప్పలేదు. చిన్నబుచ్చుకుంటాడని.

దారి చెప్పే ఫోనుని వాళ్ళు నమ్మరు. ఒకసారి అది కూరగాయల కొట్టు వెనక చెత్తడబ్బాల దగ్గర "మీరు చేరుకున్నారు" అంది. చేరుకున్నాక ఇంకెక్కడికి వెళతారు? గంటసేపు అక్కడే కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తినేసి ఇంటికొచ్చేశారు. అప్పట్నుంచీ కాగితం పటమే దిక్కు.

ఇలా ఉండగా ఓ సాయంత్రం మంగతాయారు చెల్లెలు రమణశ్రీ ఫోన్ చేసింది. ఆమె కాపురం ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో.

"అక్కా, వచ్చే ఆదివారం నాకు సీమంతం. పదకొండు గంటలకి. తొలి గాజులు నువ్వే తొడగాలి. అమ్మ ఉంటే అమ్మని అడిగేదాన్ని."

 తల్లి పోయేనాటికి రమణశ్రీకి ఆరేళ్ళు. జడలేసిందీ, అన్నం కలిపి పెట్టిందీ మంగతాయారే. "నేను రాకుండా నీ చేతికి గాజు ఎక్కుతుందటే పిచ్చిదానా!" అంది ముక్కు చీదుతూ.

రమణశ్రీ మొగుడు కిరీటి ఫోన్ అందుకున్నాడు. "వదినగారూ, శనివారం పొద్దున్నే బయల్దేరి తీరిగ్గా చూసుకుంటూ రండి. దారి కన్నులపండుగ్గా ఉంటుంది. బండిలో ఫోన్ మాత్రం ముట్టుకోకండి, పోలీసులు ఊరుకోరు. వంతెన దాటగానే కుడికి తిరగండి. సముద్రం కుడిచేతి వైపే ఉండాలి. ఎర్రటోపీ పెట్టుకున్న తెల్లటి లైట్‌హౌస్ వస్తుంది. దాని పక్కిల్లే మాది."

అబ్బులు అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. ఇంకేముంది, హాల్లో సభ పెట్టేశారు. నాగభూషణం పటం నేల మీద పరిచి కొలిచాడు.

"వేలెడు దూరం. అంతే. దీనికి ముందురోజు బయల్దేరడమేంటి, కిరీటికి లెక్కలు రావు."

"అన్నయ్యా, ఇక్కడ చూడు." అబ్బులు పటం మడత మీద వేలు పెట్టాడు. "రోడ్డు ఈ గుంటలోకి దిగి మళ్ళీ పైకెక్కుతోంది. ఎంత లోతో!"

"అమ్మో, ముందే చూశావు కాబట్టి సరిపోయింది" అని మంగతాయారు మరిదికి దిష్టి తీసి పడేసింది.

ఇక గాజుల సంగతి. చెల్లెలి కొలతకి రాజమండ్రి నుంచి తెప్పించిన నాలుగు డజన్ల మట్టిగాజులు. పెట్టెలో పెడితే గుంట దగ్గర భళ్ళున పగులుతాయి. సీమంతం గాజు పగిలితే ఎంత అపశకునం! మంగతాయారు బాగా ఆలోచించింది.

"నా చేతి గాజులు నాలుగేళ్ళుగా పగల్లేదు. అంటే గాజుకి చేతిని మించిన పెట్టె లేదన్నమాట."

"ఆహా!" అన్నారు అన్నదమ్ములు.

తనకి రెండు డజన్లు, వాళ్ళకి చెరో డజను. "మగాణ్ణి, నాకు గాజులేంటి వదినా?" అని అబ్బులు గింజుకున్నాడు. "నువ్వు వేసుకోవడం లేదయ్యా, మోస్తున్నావు. అంతే" అంది. రమణశ్రీది చిన్న మణికట్టు. వీళ్ళవి రోకళ్ళు. సబ్బు నురగ పట్టించి, పళ్ళు బిగబట్టి, ఎలాగో ఎక్కించారు. ఎక్కినవి దిగుతాయా అన్న అనుమానం ఎవరికీ రాలేదు. అంత తెలివిలో దానికి చోటు మిగల్లేదు.

శనివారం పొద్దున్నే ఫోన్లన్నీ ఫ్రిజ్ మీద పెట్టి, తాళం వేసి బయల్దేరారు. ముట్టుకోవద్దన్నారు కదా మరి. మడత గుంట ఎక్కడొస్తుందోనని బండి నత్తనడకన నడిపించారు. వెనక కార్లు హారన్లు కొడుతుంటే "వాళ్ళకి గుంట సంగతి తెలీదు పాపం" అని నాగభూషణం జాలిపడ్డాడు. గుంట రాలేదు. గవర్నమెంటు పూడ్చేసి ఉంటుందని తేల్చారు.

అడవి దగ్గర పసుపుపచ్చ బోర్డు వచ్చింది. దాని మీద మూస్ బొమ్మ, అంటే ఏనుగుకి తమ్ముడిలాంటి దుప్పి. ఇక్కడ అది రోడ్డు దాటుతుందని అర్థం. నాగభూషణం బండి పక్కకి తీసి ఆపేశాడు.

"ముందు దాన్ని దాటనిద్దాం. వాళ్ళ దేశం, వాళ్ళ రోడ్డు."

గంట గడిచింది. గంటన్నర. దుప్పి జాడ లేదు. "ఏదో పనిలో పడి ఉంటుంది" అంది మంగతాయారు. ఆఖరికి అబ్బులే దిగి, రెండు చేతులూ కొమ్ముల్లా పైకెత్తి, గాజులు గలగలలాడిస్తూ దుప్పి తరఫున రోడ్డు దాటేశాడు. అమ్మయ్య, దాటడం అయిపోయింది అనుకుని బండి తీశారు.

వంతెన దాటారు. కుడికి తిరిగారు. సముద్రం కుడిచేతి వైపే ఉంది. కాసేపటికి పొగమంచులో లైట్‌హౌస్ ఒకటి కనిపించింది. నడుము దాకా తెల్లగా ఉంది, పైన అంతా మంచు.

"టోపీ లేదే" అంది మంగతాయారు.

"అయితే మనది కాదు" అన్నాడు నాగభూషణం. అంతే, దాటేశారు.

దీవి అన్నాక చుట్టూ సముద్రమే. కుడిచేతి వైపు పెట్టుకుని పోతే అది అయిపోతుందా? వీళ్ళు పోతూనే ఉన్నారు. రోడ్డు బంగాళాదుంప చేలల్లోకి మళ్ళిన చోటల్లా సముద్రం మాయమయ్యేది. "పోయింది, సముద్రం పోయింది!" అని మంగతాయారు లబలబలాడేది. బండి ఆగేది. అబ్బులు ఎర్రమట్టి తొక్కుకుంటూ చేనుకి అడ్డంపడి పరిగెత్తి, ఒడ్డున దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని వచ్చేవాడు. "ఉందన్నయ్యా! ఉప్పగానే ఉంది!" మళ్ళీ కిలోమీటరుకి అదే వరస. సాయంత్రానికి అబ్బులు తాగిన ఉప్పునీళ్ళకి నాలుక పీచులా అయిపోయింది.

లైట్‌హౌసులా, అడుగడుక్కీ ఉన్నాయి. మంచు విడిపోయాక అన్నిటికీ ఎర్రటోపీలే! ప్రతిదాని పక్కింటి తలుపూ కొట్టారు. "రమణశ్రీ ఉందాండీ?" ఒక ముసలమ్మ ఈ ముగ్గురినీ, చేతులకి గాజులేసుకున్న మీసాల నాగభూషణాన్నీ ఎగాదిగా చూసి, లోపలికి పిలిచి టీ ఇచ్చి, ఉడికించిన దుంపలు పెట్టింది. దారి మాత్రం ఎవరూ అడగలేదు. అడగడానికి వీళ్ళేమైనా తెలివితక్కువవాళ్ళా!

చీకటి పడితే బండిలోనే పడుకున్నారు. ఆదివారం తెల్లారేసరికి ఇంకా చెల్లెలి ఇల్లు రాలేదు. మంగతాయారు గట్టిగా ఏడ్చేసింది.

"అమ్మ లేని పిల్ల నా కోసం గుమ్మంలో నిలబడి ఉంటుందండీ. నాకు తెలివుందని ఎవరన్నారు? నేనే అనుకున్నాను. పక్కన మీరిద్దరూ ఉంటే ఎవరైనా అలాగే అనుకుంటారు."

అన్నదమ్ములు తలలు దించుకుని బండి తీశారు. తొమ్మిదిన్నరకి ఎదురుగా పెద్ద వంతెన.

"ఈ దీవికి రెండో వంతెన కూడా ఉందే!" అన్నాడు అబ్బులు.

"పటంలో లేదు. పటం తప్పు" అన్నాడు నాగభూషణం. దాని పక్కనుంచి సముద్రాన్ని కుడిచేతి వైపే పెట్టుకుని ముందుకు పోయారు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. కాసేపటికి లైట్‌హౌస్ వచ్చింది. తెల్లటి ఒళ్ళు, నెత్తిన ఎర్రటోపీ.

"నిన్న టోపీ లేనిది ఇదే కదూ!" అంది మంగతాయారు కళ్ళు తుడుచుకుంటూ.

"సీమంతం కదా వదినా, ఇవాళ పెట్టుకుంది" అన్నాడు అబ్బులు.

గుమ్మంలో రమణశ్రీ నిలబడి ఉంది. నిన్నట్నుంచీ ఫోన్లు చేసి, ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచిపోయాయి. వీళ్ళ చేతులు చూడగానే ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చేశాయి. గాజులు దిగవు. పగలగొట్టడానికి వీల్లేదు. పేరంటాళ్ళంతా చుట్టూ చేరి, సబ్బూ కొబ్బరినూనే పట్టించి, అన్నదమ్ముల్ని కుర్చీల్లో కుదేసి లాగారు. ఊరంతా వినపడేలా అరిచారు ఇద్దరూ. సరిగ్గా పదకొండుకి మంగతాయారు చేతి నుంచి జారిన మొదటి గాజు తిన్నగా చెల్లెలి చేతికి ఎక్కింది. ఒక్కటీ పగల్లేదు. "చూశావా, చేతిని మించిన పెట్టె లేదు" అని మంగతాయారు చెల్లెల్ని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

సోమవారం పొద్దున్న బయల్దేరుతుంటే కిరీటి ఈసారి జాగ్రత్తపడ్డాడు. కుడి లేదు, ఎడమ లేదు, టోపీ లేదు.

"అన్నయ్యగారూ, వచ్చిన దారినే వెళ్ళిపోండి. అంతే."

మంగళవారం పొద్దున్న గంట మోగింది. రమణశ్రీ తలుపు తీస్తే ముగ్గురూ నిలబడి ఉన్నారు. చేతుల్లో, దారిలో ఆ ముసలమ్మ మళ్ళీ పిలిచి ఇచ్చిన దుంపల సంచీ.

"అక్కా! ఇంటికి వెళ్ళలేదా?"

"వెళ్తున్నామే. వచ్చిన దారినే" అంది మంగతాయారు చెప్పులు విప్పుతూ. "ఈసారి సముద్రం ఎడంచేతి వైపు. దీవంతా తిరిగొచ్చాం. మొన్న మొదట మీ ఇంటి ముందునుంచే కదా పోయాం, అందుకని ఇప్పుడు మీ ఇల్లు తగిలింది."

కిరీటి గోడకి చేరగిలబడ్డాడు. "వంతెన ఇక్కడికి దగ్గరే వదినగారూ. ఇలా తిన్నగా వెళ్ళిపోతే..."

"అలా ఎలా కుదురుతుంది తమ్ముడూ?" నాగభూషణం సోఫాలో కూర్చుని కాళ్ళు చాపాడు. "మొన్న మేం మీ లైట్‌హౌస్ దాటినప్పుడు దానికి టోపీ లేదు. ఇప్పుడుంది. అది టోపీ తీశాకే మేం కదిలేది."

కిరీటి కిటికీలోంచి చూశాడు. ఆకాశంలో మంచు తునక కూడా లేదు. రమణశ్రీ గాజుల చేత్తో గబగబా అక్క సంచీ అందుకుని లోపల పెట్టేసింది.

"ఎన్నాళ్ళయినా పట్టనీ అక్కా, తొందరేముంది" అంది.

"అదే నేనూ అంటున్నాను" అని మంగతాయారు వంటింట్లోకి నడిచి, అయిదుగురికి బియ్యం పోసింది.